ఆదివారం తొమ్మిదిన్నర

ఈ నెల వచ్చిన వాటిలో మూడు ఉత్తరాలు పాత టెలివిజన్ కార్యక్రమాల గురించే ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. ఎండాకాలం సెలవుల్లో ఎంతో ఇష్టంగా పాత 'రామాయణ్' సీరియల్ పెట్టి చూపించాను. రెండు బాణాలు గాలిలో ఎదురెదురుగా వచ్చి తలపడే దృశ్యం చూసి వాడు పకపకా నవ్వాడు. నిజం చెప్పాలంటే ఆ నిదానానికి నాకూ కొంత విసుగనిపించింది. ఇన్నేళ్లుగా మనం గొప్పవని చెప్పుకుంటున్న ఆ సీరియళ్లు నిజంగా గొప్పవేనా, లేక మన చిన్నతనమే గొప్పదా?
ఒక ఉపాధ్యాయురాలు, దేవరకొండ

జవాబు: అమ్మా, మీ అబ్బాయి నవ్వినందుకు నొచ్చుకోకండి. ఆ బాణాలను 1987లోనూ ఎవరూ నిజమనుకోలేదు. నిజం కాదని తెలిసీ ఊరంతా కన్నార్పకుండా ఎందుకు చూసిందన్నది ఆలోచించవలసిన విషయం.

టీవీ రాకముందు మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో కథను ఎలా చూసేవారో ఒకసారి గుర్తు చేసుకోండి. చిందు బాగోతం ఆడే రాత్రి జనం గొంగళ్లు, బొంతలు పట్టుకొని వచ్చి కూర్చునేవారు. కర్రతో చేసిన కిరీటం, భుజకీర్తులు పెట్టుకున్న రాజు తెర వెనుక నుంచి బయటికి వచ్చి, తానెవరో, తన ప్రతాపమెంతో పాడి వినిపించేసరికే చాలా సేపు పట్టేది. కథ అందరికీ ముందే తెలుసు కనుక ఎవరికీ తొందర ఉండేది కాదు. తెలిసిన ఘట్టాన్ని ఈసారి ఎంత బాగా చెబుతారోనని తెల్లవార్లూ కూర్చునేవారు. రామానంద్ సాగర్ తీసిన 'రామాయణ్' ఆ అలవాటున్న ప్రేక్షకులకు తగిన సీరియల్. అందులో బాణం నిదానంగా వెళ్తుంది, రవీంద్ర జైన్ పాట నిదానంగా సాగుతుంది, ఒకరు మాట్లాడాక ఎదుటివారి ముఖం మీద కెమెరా చాలాసేపు నిలుస్తుంది. సినిమా కొలతతో కొలిస్తే అది తప్పక తేలిపోతుంది. బాగోతం కొలతతో కొలిస్తే నిలబడుతుందని నా నమ్మకం.

ఇక మా ఇంటి సంగతి చెబుతాను. మాది చండూరు పక్కన నేత పని మీద బతికే ఊరు. 1987 జనవరి 25న మొదలై 1988 జూలై 31న ముగిసేదాకా, 78 భాగాలూ ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకే వచ్చాయి. ఆ రోజు తొమ్మిది దాటితే వాడకట్టులో మగ్గాల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగిపోయేది. వాడకట్టు మొత్తానికి ఉన్నది ఒక్క చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ. కరెంటు పోతే ఆ ఇంటివాళ్లు ట్రాక్టర్ బ్యాటరీని విప్పి మోసుకొచ్చి, తీగలు తగిలించి మళ్లీ బొమ్మ తెప్పించేవారు. బ్యాటరీ దిగుతున్నకొద్దీ బొమ్మ నాలుగు అంచుల నుంచీ లోపలికి కుంచించుకుపోయేది. చివరికి పోస్టుకార్డంత అయినా, అందరం ఇంకాస్త ముందుకు జరిగి కూర్చున్నామే తప్ప లేచి వెళ్లినవారు లేరు.

అయితే సీరియల్ హిందీలో వచ్చేది. తాత నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకున్నవాడు కనుక ఎవరు వస్తున్నదీ, ఎవరు పొమ్మంటున్నదీ ఆయనకు తెలిసేది. కానీ ఆ సంభాషణల నిండా ఉన్న సంస్కృత పదాల దగ్గర ఆయన ఆగిపోయేవాడు. అవ్వకు అక్షరం రాదు, హిందీ అసలే రాదు. పురాణాలు విని విని వచనం, వనవాసం, ప్రాణత్యాగం వంటి మాటలన్నీ ఆమెకు కొట్టినపిండి. మహారాష్ట్రలోని భివండిలో పవర్‌లూముల మీద పనిచేసి వచ్చిన చిన్నాయన ఈ ఇద్దరి మధ్యా కూర్చుని అతుకు వేసేవాడు. కైకేయి వరాలడిగిన రోజు, "రెండు వరాలు బాకీ ఉన్నవు, ఇప్పుడియ్యమంటుంది" అని ఆయన చెప్పబోతే, అవ్వ విసుక్కొని, "గది నాకెరుకేరా, ఆయనేమంటుండో చెప్పు" అన్నది. దశరథుడు అన్నది విన్నాక అవ్వ కొంగుతో ముఖం కప్పుకున్నది. నాకు ఆ సీరియల్ అంటే ఇప్పటికీ ముందుగా గుర్తుకొచ్చేది ఆ కొంగే.

మీ అబ్బాయికి ఇంకొక సంగతి కూడా చెప్పండి. ఆ సీరియల్‌కు ఆధారమైన గ్రంథాల్లో వాల్మీకి, తులసీదాసుల రామాయణాలతో పాటు మన రంగనాథ రామాయణం కూడా ఉంది. 13వ శతాబ్దంలో దానిని ద్విపదలో చెప్పిన గోన బుద్ధారెడ్డి వర్ధమానపురం నేలిన గోన వంశంవాడు. ఆ వర్ధమానపురమే నేటి నాగర్‌కర్నూల్ దగ్గరి నంది వడ్డెమాను. ఇంద్రజిత్తు భార్య సులోచన కథ వాల్మీకంలో కనబడదు, రంగనాథ రామాయణంలో ఉంటుంది, సీరియల్‌లోనూ వచ్చింది. పాలమూరు మట్టిలో పుట్టిన ద్విపద ఒకటి దేశమంతా ఆదివారం చూసిన కథకు ఆధారాల్లో ఒకటిగా నిలిచిందని మా చిన్నప్పుడు మాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది.

అన్నీ ఒకే తీరుగా నిలిచాయని మాత్రం అనను. 1988 అక్టోబరు 2న మొదలై 94 భాగాలు నడిచిన బి.ఆర్. చోప్రా 'మహాభారత్' ఇప్పటికీ సంభాషణల బలంతో కూర్చోబెడుతుంది. వాటిని రాసినవారు రాహీ మాసూమ్ రజా. నెహ్రూ పుస్తకం ఆధారంగా శ్యామ్ బెనెగల్ 53 భాగాలుగా తీసిన 'భారత్ ఏక్ ఖోజ్' అప్పుడు మాకు కొరుకుడు పడలేదు. పెద్దయ్యాక చూసి, చిన్నప్పుడు ఎంత పోగొట్టుకున్నానో తెలుసుకున్నాను. 'శక్తిమాన్' నేను పెద్దవాడినయ్యాక వచ్చింది, మా ఇంటి పిల్లలతో కలిసి ఎంతో ఇష్టంగా చూశాను. మొన్న మళ్లీ పెట్టుకుంటే ఒక భాగం పూర్తి చేయలేకపోయాను. దాని విషయంలో మీ అనుమానమే నిజం, అక్కడ గొప్పది పక్కన కూర్చున్న ఆ పిల్లల చిన్నతనమే.

మీ అబ్బాయికి యుద్ధకాండతో మొదలుపెట్టకండి. ముందుగా శంకర్ నాగ్ తీసిన 'మాల్గుడి డేస్'లో స్వామి కథలు చూపించండి. కర్ణాటకలోని అగుంబెలో తీసిన ఆ ఊరు, బడికి పోనంటూ తలనొప్పి తెచ్చుకునే ఆ పిల్లవాడు ఏ తరం పిల్లలకైనా దగ్గరివారే అవుతారు. ఆ నిదానం వాడికి అలవాటయ్యాక, చిత్రకూటంలో భరతుడు అన్నను కలుసుకునే భాగం పెట్టండి. పక్కనే మీరు కూర్చోండి, అర్థం కాని మాట వచ్చినప్పుడు మన మాటల్లో చెప్పండి.

ప్రశ్న: పాత జ్ఞాపకాలంటే అందరూ హిందీ సీరియళ్ల గురించే మాట్లాడుతారు. మనకు తెలుగులో చెప్పుకోదగినవి లేవా?
ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఉన్నాయి. 1983 నవంబరు 14న శాంతి స్వరూప్ గారు దూరదర్శన్‌లో తొలిసారి తెలుగు వార్తలు చదివారు. ఎదుట అక్షరాలు చూపించే యంత్రం లేని ఆ రోజుల్లో వార్తలను కంఠస్థం చేసి, తడబడకుండా చెప్పేవారు. 2024 ఏప్రిల్‌లో ఆయన పోయారన్న వార్త విన్నప్పుడు నాకు ఇంటి పెద్ద పోయినట్టే అనిపించింది. శుక్రవారం 'చిత్రలహరి' కోసం అన్నాలు తొందరగా తినేవాళ్లం. ఓలేటి పార్వతీశం, విజయదుర్గ గార్లు ప్రేక్షకుల ఉత్తరాలు చదివి బదులిచ్చే 'జాబులు-జవాబులు' నాకు ప్రత్యేకంగా ఇష్టం. ఇప్పుడు నేను రాస్తున్న ఈ పేజీ మీద దాని నీడ ఉందని ఒప్పుకుంటాను. ఇక 1990ల్లో మంజులా నాయుడు గారి 'ఋతురాగాలు' వచ్చే వేళకు మా వాడకట్టు ఆడవాళ్లు ఏ పనైనా పక్కన పెట్టేవారు.

వీటన్నిటినీ ప్రేమిస్తూనే ఒక బాధ కూడా చెప్పాలి. ఆనాటి తెలుగు సీరియళ్లలో నాయికా నాయకులు, వాళ్ల తల్లిదండ్రులు మాట్లాడిన తెలుగు మా ఇంటి తెలుగు కాదు. మా యాస వినబడిందంటే అది చాలావరకు పనిమనిషి నోటనో, నవ్వించే పాత్ర నోటనో, రౌడీ నోటనో వినబడేది. కన్నీళ్లు పెట్టే తల్లి మా మాటల్లో ఏడ్వగలదని రాసేవారికి తోచలేదు కాబోలు. పై జవాబులో మా అవ్వనూ చిన్నాయననూ అంతసేపు తలుచుకున్నది ఇందుకే. టీవీ ఉన్న గదిలో రాముడి దుఃఖాన్ని మా భాషలో చెప్పింది తెర ముందు కూర్చున్న ఆ ఇద్దరే. హిందీ సీరియళ్లు మనవాళ్లకు ఎక్కువగా గుర్తుండడానికి ఇది కూడా ఒక కారణమని అనుకుంటాను. వాటిని ఎవరో ఒకరు మన మాటల్లోకి మార్చి చెప్పారు, తెలుగు సీరియళ్లకు ఆ అవసరం ఉందని ఎవరూ అనుకోలేదు.

ప్రశ్న: నా చిన్నతనంలో, 1975 ప్రాంతంలో, మా ఊరి బడిలో టీవీ పెట్టారు. బడి పక్కన కోళ్లగూటికి వేసే జాలీ లాంటి పెద్ద గొడుగు ఉండేది. ఒక ఏడాది చూశాం, తర్వాత అది రాలేదు. హైదరాబాద్‌లోనే టీవీ లేని కాలంలో మీ పల్లెకెలా వస్తుందని నా మనుమడు వాదిస్తున్నాడు. నాకు మతిమరుపు వచ్చిందంటారా?
ఒక విశ్రాంత రైతు, నాగర్‌కర్నూల్ ప్రాంతం

జవాబు: అయ్యా, మీ జ్ఞాపకం నూటికి నూరుపాళ్లు సరైనది. మీరు చూసింది 'సైట్' అనే ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మన దేశానికి ఏడాది కాలం వాడుకోవడానికి ఇచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఇస్రో, ఆకాశవాణి కలిసి 6 రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు దాని ద్వారా కార్యక్రమాలు అందించాయి. ఆనాటి ఉమ్మడి రాష్ట్రంలో ఎంపికైన జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతాన్ని నేరుగా పట్టడానికి మూడు మీటర్ల వెడల్పున నిజంగానే కోళ్లగూటి జాలీతో యాంటెన్నా చేశారు. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు సేద్యం, ఆరోగ్యం వంటి విషయాల మీద కార్యక్రమాలు ఉండేవి. తెలుగు కార్యక్రమాలను హైదరాబాద్‌లోనే తయారు చేశారు, కానీ అవి ఆ నగరవాసులకు కాక మీ బడికి చేరాయి. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977లో. గడువు తీరగానే ఉపగ్రహాన్ని వెనక్కి జరుపుకున్నారు, అందుకే మీ టీవీ మూగబోయింది.

మీ మనుమడిని పక్కన కూర్చోబెట్టుకొని, మీ బడిలో ఆ సెట్టు ఏ గదిలో ఉండేది, తాళం ఎవరి దగ్గర ఉండేది, మొదటి రోజు తెర మీద ఏం కనబడింది, అది ఆగిపోయిన రోజు మీరేం చేశారో చెప్పండి. వాడిచేత రాయించి పంపండి, ఈ పేజీలోనే వేస్తాను.