తోట సందేహాలు: గోల్డెన్ బాటిల్ బ్రష్‌కు ఎర్రపూలు ఎందుకు రావు?

ప్రశ్న: నర్సరీలో ‘గోల్డెన్ బాటిల్ బ్రష్’ అని ఇచ్చిన మొక్క మూడేళ్లయినా ఒక్క ఎర్రపువ్వు పూయలేదు. ఎరువు మార్చాలా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: ఎరువు మార్చినా ఎర్రపూలు రావండీ. అది మెలలూకా బ్రాక్టియేటా అనే మొక్కలో బంగారు రంగు ఆకుల రకం. ఎర్రపూల బాటిల్ బ్రష్‌కు దగ్గరి చుట్టమే. రెండూ ఆస్ట్రేలియా నుంచి వచ్చినవే, జామ కుటుంబానివే. కానీ దీని పూలు చిన్నవి, తెల్లనివి. పెంచేది ఆకుల కోసమే. రోజుకు ఆరు గంటల ఎండ తగలకపోతే ఆ పసుపు వన్నె పోయి మామూలు పచ్చగా మారుతుంది. ఎర్రపూలే కావాలంటే పువ్వు మీదున్న మొక్కను చూసి కొనండి. గింజ నుంచి పెంచిన దానికంటే కొమ్మ నాటి పెంచిన మొక్క త్వరగా పూస్తుంది.

ప్రశ్న: కుండీలోని ఎర్ర బాటిల్ బ్రష్‌కు లేత ఆకులు పసుపెక్కాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. పోసేది బోరు నీళ్లు. సంక్రాంతికి ముందు కొమ్మలు కత్తిరించాం, ఆ తర్వాత పూలూ తగ్గాయి.
– ఒక పాఠకుడు, కొంపల్లి

జవాబు: ఇవి రెండు వేర్వేరు సమస్యలు. పసుపు ముదురాకుల్లో మొదలైతే నత్రజని లోపమని అనుమానించాలి. లేత ఆకుల్లో, ఈనెలు పచ్చగా ఉండి వస్తే అది ఇనుము లోపం. మట్టిలో ఇనుము ఉన్నా, ఉప్పు బోరు నీళ్లతో క్షారం పెరిగితే వేరు దాన్ని తీసుకోలేదు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు, సున్నం కలిసిన మట్టిని కుండీలో నింపినా ఇదే జరుగుతుంది. యూరియా వేస్తే తగ్గదు. డీఏపీ, ఎముకల పొడి అసలు వద్దు. వాటిలోని భాస్వరం ఎక్కువైతే ఇనుము మరింత అందకుండా పోతుంది.

లీటరు నీటికి ఐదు గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్, ఒక గ్రాము నిమ్మఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకులు తడిసేలా పిచికారీ చేయండి. పది పదిహేను రోజుల తేడాతో మూడుసార్లు చాలు. ఫలితం కొత్త చిగుళ్లలో చూడాలి; పాత ఆకులు పూర్తిగా కోలుకోవు. పిచికారీతో లోపం తాత్కాలికంగానే తగ్గుతుంది కాబట్టి వర్షాకాలం మొదలవగానే మట్టి మార్చండి: రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు. వాననీరు పట్టి పోయగలిగితే అంతకంటే మేలు లేదు.

ఇక పూల సంగతి. మన దగ్గర ఎక్కువగా పూసేది చలి తగ్గి ఎండలు ముదిరే రోజుల్లో. ఆ మొగ్గలు వచ్చేది కొమ్మల కొసల్లోనే. సంక్రాంతి ముందు కత్తెర వేస్తే వాటినే కోసేసినట్టు. పూత వాడిన వెంటనే, ఎండిన పువ్వుకు కాస్త కింద కత్తిరించండి. ఆకుల్లేని ముదురు కొమ్మ దాకా నరికితే మళ్లీ చిగురించడానికి చాలా కాలం పడుతుంది.

ప్రశ్న: రెండు వందల గజాల ఇంట్లో, సంపు పక్కన పేపర్‌బార్క్ చెట్టు నాటవచ్చా?
– ఒక పాఠకుడు, నాగోల్

జవాబు: వద్దు. పొరలు పొరలుగా ఊడే ఆ తెల్లని బెరడు ఎంత ముచ్చటగా ఉన్నా, అది చిత్తడి నేలల చెట్టు. పదిహేను మీటర్లు దాటి పెరుగుతుంది, వేర్లు తేమను వెతుక్కుంటూ సంపు పగుళ్లలోకి, డ్రైనేజీ పైపుల్లోకి వెళ్తాయి. స్థలం ఉన్న ఫామ్‌హౌస్‌లో అయితే గోడలకు, పైపులకు కనీసం ఎనిమిది మీటర్ల దూరంలో, నీరు నిలిచే పల్లంలో నాటండి. చాలా చెట్లు చచ్చిపోయే చోట ఇది నిలదొక్కుకుంటుంది. చెరువు గట్ల దగ్గర మాత్రం నాటకండి. ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో ఇది అదుపు తప్పి వ్యాపించి, అక్కడి సహజ వృక్షజాతులను తోసేసింది.