‘జరిగింది’ అనే మాట గురించి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. బానిసత్వం గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం మూడుసార్లు చదివాను. మొదటిసారి నీ కోపం నచ్చింది. రెండోసారి నీ కష్టం కనిపించింది. మూడోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చుని ఒకే తరహా మాటల కింద గీతలు గీసుకుంటూ పోయాను. ‘బానిస వ్యాపారం జరిగింది.’ ‘దోపిడీ జరిగింది.’ ‘చివరికి బానిసత్వం రద్దయింది.’ తొమ్మిది పేజీల్లో ముప్ఫై ఒక్క గీతలు తేలాయి.

చేసిందెవరో చెప్పకుండా తప్పుకోవడం మన భాషలో ఒక వెసులుబాటు. గ్లాసు నా చేతిలోంచే జారినా ‘గ్లాసు పగిలిపోయింది’ అనొచ్చు. చిన్నపిల్లలకి ఎవరూ నేర్పకుండానే ఇది పట్టుబడుతుంది. దేశాలకీ ఇదే ఇష్టం. 2019 ఏప్రిల్‌లో, జలియన్‌వాలా బాగ్ కాల్పులకి వందేళ్ళు నిండబోతుండగా, అప్పటి బ్రిటన్ ప్రధాని థెరిసా మే వాళ్ళ పార్లమెంటులో మాట్లాడారు. జరిగినదానికి, దానివల్ల కలిగిన బాధకి తీవ్రంగా విచారిస్తున్నామన్నారు. జరిగినదానికి! కాల్చమన్నవాడు ఆ వాక్యంలో లేడు, కాల్చినవాళ్ళూ లేరు. క్షమించమన్న మాట అసలే లేదు.

దాని పక్కన 2022 డిసెంబరు 19న హేగ్‌లో డచ్ ప్రధాని మార్క్ రుట్ మాట్లాడింది పెట్టి చూడు. డచ్ రాజ్యం గతంలో చేసిన పనులకి క్షమాపణ చెబుతున్నానన్నాడు. ‘చేసిన’ అన్నాడు కాబట్టి కర్త వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. అట్లాంటిక్ దాటించిన ఆఫ్రికా వాళ్ళతోనే లెక్క ఆపలేదు కూడా. ఆసియాలో డచ్ ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలో 6,60,000 నుంచి 10 లక్షలకి పైగా మనుషుల్ని అమ్మి, కొన్నారని చెప్పాడు. నువ్వు ఈ సంగతికి రెండు లైన్లే ఇచ్చావు. మచిలీపట్నంలో, పులికాట్‌లో డచ్ వాళ్ళ వర్తక స్థావరాలు ఉండేవి. 17వ శతాబ్దపు కరువుల్లో ఈ కోరమండల్ తీరం నుంచి మనుషుల్ని కొని బటేవియాకీ (ఇప్పటి జకార్తా) సింహళానికీ ఓడలెక్కించారు. ఆ లక్షల్లో మన ఊళ్ళవాళ్ళూ ఉన్నారు. దాన్ని ఒక పేజీ చెయ్యి.

డచ్ వాళ్ళని మెచ్చుకోమని చెప్పడం లేదు. ఆ తేదీ ఏంటని సురినామ్ (దక్షిణ అమెరికాలో ఒకప్పటి డచ్ వలస) మూలాలున్న చాలామంది కోప్పడ్డారు. వాళ్ళు అడిగింది 2023 జులై 1. ఎందుకంటే సురినామ్‌లో రద్దు చట్టం అమలైంది 1863 జులై 1న. ఒక్కో బానిసకి 300 గిల్డర్ల (అప్పటి డచ్ డబ్బు) చొప్పున యజమానులకి పరిహారం ఇచ్చారు. విడుదలైనవాళ్ళు మాత్రం ఇంకో పదేళ్ళు తోటల్లో చాకిరీ చేయాల్సిందే అన్నారు. అసలు స్వేచ్ఛ 1873లో వచ్చింది. 2023కి 150 ఏళ్ళు. ఆ రోజున రాజు విలియమ్ అలెగ్జాండర్ కూడా క్షమాపణ అడిగాడు. నీ వ్యాసంలో ‘1863లో రద్దయింది’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. పదేళ్ళ చాకిరీ ఆ ‘అయింది’ కింద నలిగిపోయింది.

‘బ్రిటన్ 1833లో బానిసత్వాన్ని రద్దు చేసింది’ అన్న వాక్యంలో కర్త ఉన్నాడు, కానీ అదీ అరకొరే. ఎక్కడ రద్దు చేసింది? ఈస్టిండియా కంపెనీ చేతిలో ఉన్న ప్రాంతాలకి ఆ చట్టం వర్తించదని అందులోనే రాసుకున్నారు. మన దేశానికి 1843 దాకా ఆగాల్సి వచ్చింది. ఇక పరిహారం ఎవరికి? 2 కోట్ల పౌండ్లు, అంటే ఆ ప్రభుత్వం ఏడాది ఖర్చులో దాదాపు 40 శాతం, యజమానులకి. బానిసలకి ఒక్క పెన్నీ లేదు. అందుకోసం చేసిన అప్పు 2015లో తీరింది. 2018 ఫిబ్రవరిలో వాళ్ళ ఆర్థిక శాఖ ట్విటర్‌లో ఇదో ఆసక్తికరమైన సంగతి అన్నట్టు పెట్టింది, మీ పన్నులతో బానిస వ్యాపారం అంతం కావడానికి సాయపడ్డారని. జనం తిట్టిపోస్తే తీసేసింది. బానిసల మనవలూ ముని మనవలూ ఆ దేశంలోనే ఉంటూ పన్నులు కట్టారు. తమ తాతల్ని కొన్నవాళ్ళకి ఇచ్చిన సొమ్ముకి వాయిదాలు కట్టారన్నమాట. ఇది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నీకొక మనిషిని ఇస్తాను. అన్ని దేశాలూ వదిలేసి ఇతని మీద నెల రోజులు కూర్చో. జాన్ గ్లాడ్‌స్టన్, లివర్‌పూల్ వ్యాపారి, తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన విలియమ్ గ్లాడ్‌స్టన్‌కి తండ్రి. డెమెరారాలో, అంటే ఇప్పటి గయానాలో, ఇతనికి చెరుకు తోటలు. రెండున్నర వేలమందికి పైగా బానిసలకి గాను ఇతనికి ముట్టిన పరిహారం లక్ష పౌండ్లు దాటింది. 1836 జనవరిలో ఇతను కలకత్తాలోని ఒక కంపెనీకి ఉత్తరం రాశాడు. మారిషస్‌కి మనుషుల్ని పంపిస్తున్నారట, నాకూ పంపుతారా అని. వాళ్ళు జవాబు రాస్తూ ఛోటానాగ్‌పూర్ కొండజాతి వాళ్ళని మనుషుల కన్నా కోతులకి దగ్గరన్నారు. తిండి, తాగుడు, నిద్ర తప్ప వాళ్ళకేమీ అక్కర్లేదన్నారు. 1838 మే 5న రెండు ఓడల్లో సుమారు 400 మంది గయానాలో దిగారు. ఒక చేత్తో పరిహారం, ఇంకో చేత్తో కొత్త కూలీలు. బానిసత్వం పోవడం, గడువు పెట్టి పరాయి దేశపు తోటల్లో పని చేయించుకునే కూలీ ఒప్పందాలు రావడం రెండు వేర్వేరు అధ్యాయాలని నువ్వు రాశావు. ఇతని జమాఖర్చుల్లో అవి ఒకే పేజీ. 2023 ఆగస్టులో ఇతని వారసులు గయానా వెళ్ళి క్షమాపణ చెప్పారు.

ఇప్పుడు కొంచెం ఇబ్బందిపెట్టే మాట. ‘ఆఫ్రికా బానిసల తర్వాత మనవాళ్ళే కొత్త బానిసలు’ అన్న వాక్యం తీసెయ్. నా ఊరు కోరంగికి దగ్గర. మారిషస్‌లో తెలుగువాళ్ళకి ఒకప్పుడు ఆ రేవు పేరే పడింది, ‘కోరంగీలు’ అనేవారు. అందుకని ఆ బాధ నాకు పరాయిది కాదు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేసేవారని చదివినప్పుడల్లా కడుపులో తిప్పుతుంది. అయినా మనవాళ్ళ చేతిలో ఒప్పంద కాగితం ఉంది, దానికో గడువు ఉంది. పుట్టిన బిడ్డ దొర ఆస్తి కాదు. మొజాంబిక్ నుంచో మడగాస్కర్ నుంచో బానిసగా తెచ్చిన తల్లికి ఆ మాత్రం కూడా లేదు. మారిషస్ వాళ్ళు 2009లో సత్య, న్యాయ కమిషన్ వేసినప్పుడు రెండు కథలనీ ఒకే బల్ల మీద పెట్టారు గానీ కలిపేయలేదు. ఫిబ్రవరి 1 బానిసల విముక్తికి సెలవు, నవంబరు 2 కూలీలు దిగిన రోజుకి సెలవు. భూములు ఎలా చేజారిపోయాయో కూడా ఆ కమిషన్ విచారించింది. భూముల సంగతికి వస్తే టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే భూమి ఇప్పటికీ ఎవరో ఒకరి చేతిలో ఉంది. నీ వ్యాసం సరిగ్గా అక్కడికి రాకుండానే ఆగిపోయింది.

ఇదంతా నీకు ఏ అర్హతతో చెబుతున్నానంటే, నేనూ ఈ తప్పు చేశాను. నా మొదటి కథలో మా తాతగారి పాలేరు ఉన్నాడు. ‘అతను మా ఇంట్లోనే ఉండేవాడు, మాతోబాటే పెరిగాడు’ అని రాశాను. అందరూ మెచ్చుకున్నారు. తర్వాత చాలా ఏళ్ళకి ఇల్లు అమ్ముతుంటే అటక మీద తాతగారి చిట్టా పుస్తకం దొరికింది, ఎర్ర గుడ్డ అట్ట, చెదలు తినగా మిగిలింది. ఒక పేజీలో పైన ఎడ్ల జత ఖరీదు. దాని కిందే ‘పాలేరు బాకీ, కూతురి పెళ్ళికి, 140’. ఆ పక్క పేజీ నుంచి వడ్డీ. పదకొండేళ్ళు అదే బాకీ, తగ్గకుండా, తాతగారి ముత్యాల్లాంటి అక్షరాల్లో. అతను మా ఇంట్లో ఉండలేదమ్మా, మేం ఉంచుకున్నాం. వెట్టి నిర్మూలన చట్టం 1976లో వచ్చేనాటికి అతను లేడు. అతని కూతురు ఎక్కడుందో వెతికే ప్రయత్నం నేను చాలా ఆలస్యంగా చేశాను. దొరకలేదు.

తిరగరాసేటప్పుడు ఆ ముప్ఫై ఒక్క చోట్లా ఆగి, ‘ఎవరు?’ అని అడుగు. కొన్నిచోట్ల జవాబు దొరకదు. అక్కడ దొరకలేదనే రాయి, ‘జరిగింది’ అని కప్పేయకు. సంక్రాంతికి వస్తానన్నావుగా, రా. కోరంగి తీసుకెళ్తాను. చిట్టా పుస్తకం కూడా చూపిస్తాను. పేజీలు పెళుసుగా ఉన్నాయి, నెమ్మదిగా తిప్పాలి.

ప్రేమతో,
మాస్టారు