భిన్నాలు మొదలుపెట్టే ముందు

చిరంజీవి అమ్ములుకి మావయ్య ఆశీస్సులు.

గుంటూరులోనే పోస్టింగు, అదీ ఆరో తరగతి లెక్కలు అని తెలిసి అందరం సంతోషించాం. డీఎస్సీకి, పిల్లలు ఎలా నేర్చుకుంటారో చెప్పే పియాజె దశలు, బ్రూనర్ అంచెలు, వైగాట్‌స్కీ మండలం వేటికవే బిట్లుగా చదివావు. తరగతిలో అవన్నీ ఒకే పీరియడులో కలిసొస్తాయి. అందుకని భిన్నాల కూడికనే పట్టుకుని చెబుతాను.

ముందు 1/2 + 1/3 ఎంతో అడుగు. చాలామంది 2/5 అంటారు. లవాలు లవాలతో, హారాలు హారాలతో కలిపేశారన్నమాట. ఆ జవాబు వెంటనే కొట్టేసి క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) పద్ధతి బోర్డు ఎక్కించకు. "సగానికి ఇంకాస్త కలిపితే సగం కన్నా తగ్గుతుందా?" అని అడిగి ఊరుకో. ఆ చిక్కు పిల్లలకే తగలాలి. తెలుసనుకున్నది పొసగక మనసు తడబడే ఆ స్థితే పియాజె చెప్పిన అసమతౌల్యం.

ఇప్పుడు కాగితం పట్టీలు తియ్యి. 12 సెంటీమీటర్ల పొడవు, 2 వెడల్పు. ఇద్దరు పిల్లల జతకు మూడు. ఒకటి అలాగే ఉంచాలి. రెండోదాన్ని మడిచి సగం కోయాలి. మూడోదాన్ని మూడు మడతలు వేయమంటే పిల్లలకు సమంగా రాదు, స్కేలుతో 4, 8 దగ్గర గీతలు పెట్టించి కోయించు. సగం ముక్కనీ మూడో వంతు ముక్కనీ పక్కపక్కన నిండు పట్టీ మీద పేర్చితే 2 సెంటీమీటర్లు మిగులుతుంది. సగం ముక్కలోనూ మూడో వంతు ముక్కలోనూ సరిగ్గా ఇమిడే ముక్క ఏదో వెతకమను. ఆ మిగిలిందే! సగంలో మూడు, మూడో వంతులో రెండు, నిండు పట్టీలో ఆరు. అంటే 5/6. హారం 6 ఎందుకు కావాలో చేతికి తెలిశాక క.సా.గు. చెప్పు, అప్పుడది సూత్రంలా కాక అవసరంలా కనిపిస్తుంది.

మర్నాడు అవే పట్టీలు గళ్ల నోటులో గీయించు. మూడో రోజు అంకెలతోనే. బ్రూనర్ చెప్పిన క్రియాత్మక, చిత్ర, ప్రతీకాత్మక అంచెలు ఇవే. తప్పు జరిగేది ఎక్కువగా మధ్య అంచె దగ్గరే. టైము లేదని బొమ్మ వదిలేస్తే పిల్లల దృష్టిలో కాగితం ఆట వేరు, లెక్క వేరు అయిపోతాయి. పియాజె చెప్పిన మూర్త ప్రచాలక దశ, అంటే కళ్లెదుట ఉన్న వస్తువుల ఆధారంగానే ఆలోచించే దశ, పదకొండేళ్లకు ముగుస్తుందని బిట్టులో పెట్టావుగానీ, పుట్టినరోజు నాడే అందరూ ఆ గట్టు దాటరు. వెనకబడ్డవాళ్లకు పట్టీలు ఇంకో వారం ఉండనీ.

వైగాట్‌స్కీ మండలం అంటే పిల్లవాడు ఒంటరిగా చేయలేక, సాయం ఉంటే చేయగలిగినంత మేర. అందుకే సాయం కూడా అలాగే తగ్గించుకుంటూ రావాలి. మొదటి లెక్క పూర్తిగా చేసి చూపించు, రెండోది చివరి మెట్టు వదిలెయ్యి, మూడోది సగం, నాలుగోది వాళ్లే. అడిగిన ప్రతివాడి నోటులో నువ్వే రాసిపెడితే అది ఆసరా కాదు, లెక్క నీదైపోతుంది.

"అర్థమైందా?" అని మాత్రం అడగకు. ముక్తకంఠంతో "ఆఁ" అంటారు, దానివల్ల నీకేమీ తెలియదు. ప్రశ్న వేసి, మనసులో మూడు లెక్కపెట్టి, ఆ తరవాతే పేరు పిలువు. ముందే పేరు పిలిస్తే మిగతావాళ్లు ఆలోచించడం మానేస్తారు. ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయనీ, జవాబు చెప్పేవాళ్లూ పెరుగుతారనీ విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే గమనించింది. మొదట్లో ఆ మౌనం నీకే కష్టంగా ఉంటుంది. ఓర్చుకో.

నేర్చుకున్నది తిరిగి చూడకపోతే వేగంగా మరిచిపోతామని మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే చెప్పాడు. రోజూ మొదటి ఐదు నిమిషాలు పుస్తకాలు మూయించి మూడు ప్రశ్నలివ్వు: నిన్నటిది ఒకటి, పోయిన వారానిది ఒకటి, పోయిన నెలది ఒకటి. మార్కులు వద్దు. మార్కులు పెడితే గుర్తుచేసుకోవడం మాని పక్కవాడి నోటు చూస్తారు. మళ్లీ మళ్లీ చదివినదానికన్నా ఇలా తలలోంచి తీసిందే వారం తరవాత ఎక్కువ నిలుస్తుందని మనస్తత్వవేత్తలు రోడిగర్, కార్పికే 2006లో ప్రయోగం చేసి చూపించారు.

మెచ్చుకునేటప్పుడు "గుడ్" అని వదిలేయక, "హారం సమం చేశాకే కలిపావు" అని చేసిన పని పేరుపెట్టి చెప్పు.

ఏ4 కాగితం ఒక్కదాంట్లో 20 పట్టీలు వస్తాయి. 40 మందికి మూడు కాగితాలు సరిపోతాయిగానీ, నాలుగోది కూడా కోసిపెట్టుకో. మడతల్లో చించేవాళ్లు తప్పకుండా ఉంటారు.

ఇట్లు,
మీ మావయ్య