పాత ప్యాటర్న్‌ల పెట్టెలకు అప్పా? ముందు 60 రోజుల డబ్బు సంగతి చూడండి

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటాం. మావారు హెచ్‌-1బి మీద ఐటీ ఉద్యోగం చేస్తున్నారు. నేను హెచ్‌-4 ఈఏడీ (హెచ్-1బి వారి భార్యకు వచ్చే పని అనుమతి కార్డు) మీద పార్ట్‌టైమ్ చేస్తున్నాను. మాకొక బాబు. ఇద్దరికీ కలిపి నెలకు 7,550 డాలర్లు చేతికొస్తాయి, అద్దె 2,150, డేకేర్ 1,100, కార్డు మినిమమ్ 150తో సహా ఖర్చులు 5,800. సేవింగ్స్‌లో 6,400 ఉన్నాయి. క్రెడిట్ కార్డు బాకీ 4,300, వడ్డీ 24 శాతం. అమెరికాలో 1930ల నుంచి 60ల దాకా పేపర్ల ద్వారా పోస్టులో అమ్మిన మెయిల్ ఆర్డర్ కుట్టు ప్యాటర్న్‌లంటే (బట్ట కత్తిరించడానికి వాడే కాగితపు నమూనాలు) నాకు పిచ్చి. సేకరిస్తాను, వాటితో కుట్టుకుంటాను కూడా. దగ్గర్లో, ఒక ఇంటి సామానంతా అమ్మేసే ఎస్టేట్ సేల్‌లో యాన్ ఆడమ్స్, మేరియన్ మార్టిన్, ఆలిస్ బ్రూక్స్ పేర్లతో వచ్చిన ప్యాటర్న్ కవర్లు 1,100 దాకా ఉన్నాయి. మొత్తం లాట్ గంపగుత్తగా 7,500 డాలర్లకు ఇస్తామంటున్నారు. ఒక్కోటి 14 డాలర్లకు ఎట్సీ అనే ఆన్‌లైన్ అంగట్లో అమ్మినా 15,400 వస్తాయి. కుట్టు సామాను అమ్మే జోయాన్ స్టోర్లు మూతపడ్డాయి కాబట్టి ఇక ముందు వీటి రేట్లు పెరుగుతాయని నా అంచనా. 14 శాతం వడ్డీకి 36 నెలల పర్సనల్ లోన్, 401(కె) (ఉద్యోగి రిటైర్మెంట్ ఖాతా) మీద లోన్, గుంటూరులో అమ్మ దగ్గరున్న నా నగల మీద గోల్డ్ లోన్. ఈ మూడింట్లో ఏది మేలు?

జవాబు: మూడూ వద్దు.

అమ్మితే వచ్చే ధరను చేతిలో ఉన్న డబ్బుగా లెక్కేసుకుని, ఆ ధైర్యంతో అప్పు చేయడం మీ ఒక్కరి పొరపాటే అయితే ఇంత వివరంగా రాసేవాణ్ణి కాను. పాత నాణేలు, కెమెరా లెన్సులు, పట్టుచీరల స్టాకు... సరుకు మారుతుంది, ఉత్తరం మాత్రం ఇలాగే ఉంటుంది. లాట్ గురించి ఇంత రాసిన మీరు, మావారి ఉద్యోగం పోతే ఏం చేయాలని ఒక్క మాట కూడా అడగలేదు. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

హెచ్‌-1బి ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94 (దేశంలో ఉండటానికి ఇచ్చిన అనుమతి పత్రం) గడువు అంతకంటే ముందే ముగిసిపోతే ఆ తేదీ వరకే. మీ హెచ్‌-4, దాని మీద వచ్చిన ఈఏడీ కూడా ఆయన స్టేటస్‌ను బట్టే నిలుస్తాయి. అంటే మీ ఇంట్లో రెండు జీతాలున్నట్టు కనిపిస్తున్నా, రెండూ ఒకే మేకుకు తగిలించి ఉన్నాయి. పైగా 2025 అక్టోబర్ 30 నుంచి దాఖలయ్యే ఈఏడీ రెన్యువల్స్‌కు ఇదివరకటి ఆటోమేటిక్ పొడిగింపు లేదు. కొత్త కార్డు రావడం ఆలస్యమైతే, ఆయన ఉద్యోగం భద్రంగా ఉన్నా సరే, మీ జీతం ఆగిపోతుంది. ఆ గ్యాప్‌లో ఎట్సీ వ్యాపారం నడపడం కూడా పని కిందికే వస్తుంది. సొంత సామాను ఒకటీ అరా అమ్ముకోవడం వేరు, 1,100 కవర్లు కొని షాపు పెట్టడం వేరు. దీని మీద ఇమిగ్రేషన్ అటార్నీని ఒక్కసారి అడగండి. సరుకు ఇంటినిండా ఉండి, అమ్మే హక్కు లేని రోజు మీకు రావచ్చు. డబ్బు బాగా అవసరమయ్యేదీ సరిగ్గా ఆరోజే.

ఆ 60 రోజులకు ఎంత కావాలో మీ అంకెలతోనే వేశాను. డేకేర్ మానేసి బాబును ఇంట్లోనే ఉంచుకుంటే నెల ఖర్చు 4,700కు దిగుతుంది, రెండు నెలలకు 9,400. ఉద్యోగం పోయాక పాత కంపెనీ బీమానే సొంత ఖర్చుతో కొనసాగించే కోబ్రా కింద కుటుంబానికి ఆరోగ్య బీమా నెలకు 2 వేలు దాటడం మామూలే, రెండు నెలలకు 4,200 అనుకుందాం. లీజు మధ్యలో వదిలితే రెండు నెలల అద్దె పెనాల్టీ పడే ఒప్పందాలు ఎక్కువ. మీ అద్దె 2,150 కాబట్టి అది 4,300. అప్పటికప్పుడు హైదరాబాద్‌కు ముగ్గురి టికెట్లు 3,600. మొత్తం 21,500. మీ దగ్గరున్నవి 6,400. మీకు 15 వేల డాలర్ల లోటు ఉంది, మీరేమో ఇంకో 7,500 అప్పు ఎక్కడ తేవాలని అడుగుతున్నారు!

ఇక లాట్ లెక్క. 7,500ను 1,100తో భాగిస్తే కవరు 6.82 పడుతుంది. 14కు అమ్మి, పోస్టేజీ కింద కొన్నవారి దగ్గర 5 తీసుకున్నారనుకుందాం. ఎట్సీ లిస్టింగ్‌కు 20 సెంట్లు, పోస్టేజీతో కలిపిన మొత్తం మీద 6.5 శాతం, పేమెంట్ ప్రాసెసింగ్‌కు 3 శాతం, ఆపైన 25 సెంట్లు. అంతా కలిపి దాదాపు 2.30. అట్ట, ప్లాస్టిక్ కవరు, టేపు అర డాలరు. పోస్టేజీ పోస్టాఫీసుకే పోతుంది. చేతికి మిగిలేది 11.20. నెలకు 20 అమ్మగలిగారంటే కొత్త షాపుకు అది బాగా నడిచినట్టే, అయినా వచ్చేది 224. పర్సనల్ లోన్ వాయిదా నెలకు 256. అంటే వ్యాపారం బాగా నడిచిన నెలలో కూడా వాయిదా నిండటానికి 32 డాలర్లు మీ జీతంలోంచి తీయాలి. నెలకు 20 చొప్పున లాట్ ఖాళీ కావడానికి 55 నెలలు పడుతుంది, అప్పు మాత్రం 36 నెలల్లో తీరాలి. ఒక్కో కవరు విప్పి, ముక్కలు లెక్కపెట్టి, ఫోటో తీసి, లిస్టింగ్ రాయడానికి 25 నిమిషాలు వేసుకున్నా మొత్తం 458 గంటలు. దానికి కూలి కట్టలేదు. లాభం మీద కట్టాల్సిన సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ 15.3 శాతం కూడా పట్టుకోలేదు.

401(కె) లోన్‌కు వడ్డీ మన ఖాతాకే పోతుంది కదా అని అందరూ అంటారు. ఉద్యోగం పోయాక ఆ బాకీని సాధారణంగా ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోగా సర్దలేకపోతే అది విత్‌డ్రాయల్ కింద లెక్క, దాని మీద ట్యాక్సు, వయసు 59½ లోపైతే 10 శాతం పెనాల్టీ. గోల్డ్ లోన్ సంగతి చెప్పక్కర్లేదు, టెక్సస్‌లో కాగితాలు కొనడానికి గుంటూరులో అమ్మ దగ్గరున్న మీ నగలు తాకట్టు పెట్టడమేమిటండీ?

జోయాన్ 2025లో మూతపడిన మాట నిజమే. కానీ అది గుడ్డలు, కొత్త ప్యాటర్న్‌లు అమ్మిన కొట్టు. అది పోయినంత మాత్రాన 1940ల నాటి కవర్లు కొనేవాళ్లు పెరుగుతారనడానికి ఆధారం లేదు. కుట్టడం మొదలుపెట్టే కొత్తవాళ్లు తగ్గితే గిరాకీ ఇంకా పడిపోనూవచ్చు.

సరుకు గురించి మీకు తెలిసినదే అయినా, 7,500 అనే అంకె వినగానే మరిచిపోయే సంగతులు కొన్ని చెబుతాను. 1,100 కవర్లున్న లాట్‌లో గౌన్లు ఎన్ని? ఆలిస్ బ్రూక్స్ పేరుతో వచ్చినవాటిలో క్రోషే, క్విల్టు, ఎంబ్రాయిడరీ ట్రాన్స్‌ఫర్లు ఎక్కువ. అలాంటివి, ఏప్రన్లు, పిల్లల బట్టలు 14 డాలర్లకు పోవడం కష్టం. 1930, 40ల నాటి గౌన్లు, అందులోనూ ఛాతీ 38 అంగుళాలు దాటినవి వేగంగా పోతాయి. యాన్ ఆడమ్స్, మేరియన్ మార్టిన్‌లలో 14½ నుంచి 24½ దాకా హాఫ్ సైజులు వచ్చేవి. పొట్టిగా, నిండుగా ఉండేవాళ్ల కోసం చేసినవి కావడంతో ఈనాటి ఒంటికి దగ్గరగా ఉంటాయి. లాట్‌లో ముందు వెతకాల్సింది వాటినే. సైజు నంబరును మాత్రం నమ్మొద్దు, ఛాతీ కొలతే చూడండి. 1960ల చివర్లో అమెరికన్ ప్యాటర్న్ కంపెనీలు కొలతలు మార్చాయి. ఆ మార్పుకు ముందు, 1960ల మొదట్లో 14 సైజుకు ఛాతీ 34 అంగుళాలు, ఆ తర్వాత 12 సైజుకే 34.

చాలా మెయిల్ ఆర్డర్ కవర్ల మీద సంవత్సరం ఉండదు. తేదీకి దిక్కు పోస్టల్ ముద్రే. తపాలా బిళ్ల కోసం ఎవరో ఆ మూల కత్తిరించేసి ఉంటే తేదీ కూడా దాంతోపాటే పోయినట్టు. నాలుగంకెల నంబర్లు మళ్లీమళ్లీ వాడారు కాబట్టి నంబరు ఒక్కటీ చూసి కాలం చెప్పడం కుదరదు. రోడ్ ఐలండ్ యూనివర్సిటీలోని కమర్షియల్ ప్యాటర్న్ ఆర్కైవ్‌లో పోల్చి చూసుకోవచ్చు గానీ, అది కూడా సమయం తినే పనే.

లోపల ఉన్నది ఇంకా తంటా. పాతవాటిలో చాలా మటుకు లోపలి పల్చటి టిష్యూ కాగితం మీద అచ్చు ఉండదు. గీతలు, పేర్లు లేని తెల్లటి ముక్కల మీద రంధ్రాలు మాత్రమే ఉంటాయి. చిన్న రంధ్రాలు డార్ట్‌లకు, పెద్దవి గుడ్డ నిలువు దారానికి, మడతకు. ఏది దేనికన్నది ఇన్‌స్ట్రక్షన్ షీటులోని పట్టిక చెప్పాలి. ముక్క పేరు కూడా రంధ్రాలతో పొడిచిన ఒక్క అక్షరమే. షీటు పోతే కాలర్ ఫేసింగ్ ఏదో కఫ్ ఏదో తేల్చడానికి సాయంత్రమంతా పడుతుంది. ముక్కలు చాలకపోయినా, ఇంకో కవరులోని ముక్క ఇందులో కలిసినా, అమ్మాక రిటర్న్ తప్పదు. అలాగని ఫ్యాక్టరీ మడత విప్పని కవరును విప్పి చూడబోతే, ఎక్కువ ధర పలికే గుణమే పోతుంది. మళ్లీ అలా మడవడం ఎవరి తరమూ కాదు.

అందుకే చూడటానికి వెళ్లినప్పుడు ఇలా చేయండి. పెట్టెలోంచి ప్రతి 36వ కవరు తీయండి, మొత్తం 30 అవుతాయి. బాగున్నవి ఏరొద్దు, వరసలో వచ్చినవే తీయండి. ఒక్కోదానికి కవరు మీది సైజు, షీటు మీది నంబరు కలుస్తున్నాయా, షీటులో చెప్పినన్ని ముక్కలు ఉన్నాయా, మడత దగ్గర టిష్యూ పొడిపొడిగా రాలుతోందా చూసి రాసుకోండి. మడత విప్పనివి పక్కన పెట్టి వాటిని విడిగా లెక్కించండి. పాత సెలోటేప్ పసుపు మరక ఉంటే అది పాడైనట్టే లెక్క, ఆ జిగురు టిష్యూను తింటూనే ఉంటుంది. 30లో 10 దెబ్బతిన్నాయంటే మీ 15,400 అక్కడికక్కడే 10 వేల చిల్లరకు పడిపోయింది.

ఇప్పుడు మీ డబ్బు సంగతి. నెలకు మిగిలే 1,750లో 100 ప్యాటర్న్‌లకు ఉంచుకోండి. ఆ మాత్రం లేకపోతే ఏ ప్లానూ మూడో నెల దాటదు. మిగతా 1,650, ఇప్పటికే కడుతున్న మినిమమ్ 150, కలిపి 1,800 కార్డుకు కట్టండి. మూడో నెలకల్లా తీరుతుంది. నాలుగో నెల నుంచి అదే 1,800 హై యీల్డ్ సేవింగ్స్‌లోకి, జీతం పడ్డ మర్నాడే ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి. 15 వేల లోటు మరో తొమ్మిది నెలల్లో పూడుతుంది. ఆ తర్వాత ఆరు నెలల ఖర్చు, అంటే 28 వేల దాకా పెంచండి. ఈ డబ్బు స్టాకుల్లో పెట్టొద్దు, సీడీలో (బ్యాంకు గడువు డిపాజిట్‌లో) కట్టేయొద్దు, ఇండియాకు పంపి ఎఫ్‌డీ చేయొద్దు. ఆ ఫండ్ నిండేదాకా రెండో బాబు, ఇల్లు, కొత్త కారు గురించి కూడా నన్ను అడగొద్దు.

బీమా విషయంలో, కంపెనీ ఇచ్చే జీవిత బీమా ఉద్యోగంతో పాటే పోతుంది కాబట్టి ఆయన పేర విడిగా టర్మ్ పాలసీ తీసుకోండి. రెంటర్స్ పాలసీ మీ దగ్గరున్న సేకరణకు ఎంతవరకు ఇస్తుందో అడిగి రాయించుకోండి. మామూలు పాలసీల్లో వరద నష్టం రాదు. గ్యారేజీలో పెట్టెలు ఉంటే వెంటనే లోపలికి తెచ్చేయండి, టెక్సస్ వేసవికి టిష్యూ పెళుసెక్కుతుంది.

నెలనెలా పక్కన పెట్టిన ఆ 100 డాలర్లతో సేవింగ్స్ జోలికి పోకుండా, లాట్ మొత్తం కొనకుండా కావలసిన 12, 15 కవర్లు ఏరి కొనుక్కోండి. ఎస్టేట్ సేల్స్‌లో ఆఖరిరోజు ధర సగానికి దించడం తరచూ జరిగేదే, ఆరోజు వెళ్లండి. కుట్టుకోవడానికి అసలును కత్తిరించొద్దు. ఆవిరి లేకుండా గోరువెచ్చని ఇస్త్రీతో మడతలు సాపుచేసి, ట్రేసింగ్ పేపర్ మీదికి దించుకుని, కొలతలన్నీ ఆ కాపీ మీదే సర్దండి. మెయిల్ ఆర్డర్‌లో ఒక కవరుకు ఒకే సైజు కాబట్టి ఛాతీ దగ్గర, చంక రౌండ్ దగ్గర ఎలాగూ మార్చాల్సిందే. కుట్టు మార్జిన్ ఎంతో షీటులో చూడకుండా ఈనాటి 5/8 అంగుళం అనుకున్నారంటే బాడీస్ బిగుతైపోతుంది. అసలు ముక్కలు భద్రంగా ఉంటే, రేపు అమ్ముకున్నా పెట్టిన డబ్బు తిరిగి రావచ్చు.

లాట్ అంతా వేరేవాళ్ల పాలవుతుందని మనసు ఒప్పుకోకపోతే, అమ్మేవాళ్ల దగ్గర ఇంకో మాట కదపండి. పెట్టుబడి మీది కాకుండా, వాళ్ల సరుకును మీరు లిస్ట్ చేసి అమ్మిపెడతారు, వచ్చినదాంట్లో 40 శాతం మీది. పని వదిలించుకుంటే చాలనుకునే కుటుంబాలు కొన్ని దీనికి ఒప్పుకుంటాయి. ఒప్పుకుంటే కాగితం రాసుకోండి. ముక్కలు తక్కువై వాపసు వస్తే నష్టం ఎవరిది, లెక్క నెలనెలా ఏ తేదీన, అమ్ముడుపోనివి ఎప్పుడు తిరిగివ్వాలి అన్నవి అందులో ఉండాలి. ఆ ఒప్పందం ముగిసే తేదీ మాత్రం మీ ఈఏడీ గడువుకు కనీసం ఒక నెల ముందుగా పెట్టించండి.