పోతపాలు మొదలుపెట్టాక తల్లిపాలు మళ్లీ పడతాయా?

చెల్లీ, ఆపరేషన్ కాన్పయి వారం దాటిందని, పాప రొమ్ము పట్టక ఏడుస్తోందని, చనుమొనలు పగిలాయని, ఆసుపత్రిలోనే డబ్బా పాలు మొదలుపెట్టారని రాశావు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "పాలు పడ్డయా?" అని అడుగుతుంటే లోపలికి పోయి ఏడుస్తున్నానన్నావు. మాది నల్లగొండ. మా పెద్దపాప పుట్టినప్పుడు నాదీ అచ్చం ఇదే పరిస్థితి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పడతాయి. పోతపాలు పట్టినంత మాత్రాన తల్లిపాలు ఎండిపోవు. రొమ్ము ఖాళీ అవుతున్నకొద్దీ పాలు ఊరతాయి, అలాగే ఉంచేస్తే తగ్గిపోతాయి. ఆపరేషన్ అయినవాళ్లకు పాలు పడటం ఒకట్రెండు రోజులు ఆలస్యం కావడం మామూలే. మా పాపను పచ్చకామెర్లని లైటు కింద పెట్టి నా దగ్గరికి ఇవ్వలేదు. ఆ సమయంలో పాలు పిండి తీయాలని అక్కడ నాకు ఒక్కరూ చెప్పలేదు. నువ్వు మాత్రం ప్రతిసారీ ముందు రొమ్ము పట్టించు, తర్వాతే పోతపాలు. పాప పట్టకపోతే చేత్తోనో పంపుతోనో పిండి తియ్యి. పట్టించడం, పిండడం కలిపి రోజుకు ఎనిమిది సార్లకు తగ్గొద్దు, అందులో రాత్రిపూట ఒకసారైనా ఉండాలి. పాలను ఊరించే హార్మోన్ రాత్రుళ్లే ఎక్కువగా ఉంటుంది. పిండిన పాలు, పోతపాలు ఉగ్గుగిన్నెతో పట్టు. సీసాకు అలవాటు పడిన పిల్లలు కొందరు రొమ్ము దగ్గర మొండికేస్తారు.

చనుమొనలు పగిలాయంటే చాలావరకు పాప పట్టే తీరులోనే తేడా ఉంటుంది. నాకు సర్కారు ఆసుపత్రిలో ఒక సిస్టర్ చూపించింది. పాప తల వెనక చెయ్యి పెట్టి నొక్కనివ్వలేదు. మెడ కింద, భుజాల దగ్గర పట్టుకోమంది. చనుమొనతో పాప పైపెదవిని తాకిస్తూ ఆగింది. ఆవలించినంత పెద్దగా నోరు తెరిచినప్పుడు ఒక్కసారి దగ్గరికి తీసుకుంది. గదవ రొమ్ముకు ఆనింది, కింది పెదవి బయటికి మడత పడింది, చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా నోట్లోకి పోయింది. కాసేపటికి గుటక వినిపించింది. ఆ గుటక విన్నాక నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. కుట్ల నొప్పి ఉంటే పాపను ఒళ్లో కాకుండా నీ చంక కింద దిండు మీద పడుకోబెట్టి, కాళ్లు నీ వెనక్కి వచ్చేలా పట్టుకో. పొట్ట మీద బరువు పడదు. పట్టించాక రెండు చుక్కల పాలు పిండి పగుళ్లకు రాసి గాలికి ఆరనియ్యి.

పాలు సరిపోతున్నాయా అన్నది ఏడుపును బట్టి, వచ్చినవాళ్ల మాటలను బట్టి తేల్చొద్దు. ఐదో రోజు దాటాక రోజుకు ఆరు గుడ్డలైనా మూత్రంతో తడవాలి, దొడ్డికి పసుపు రంగులో పోవాలి. మొదటి రోజుల్లో పిల్లల బరువు కొంత తగ్గుతుంది, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు రావాలి. పదో వంతు కన్నా ఎక్కువ తగ్గితే డాక్టరుకు చూపించాల్సిందే. ఆసుపత్రిలో కాన్పయినవాళ్ల ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలి, వచ్చినప్పుడు పాప బరువు చూడాలి. రాకపోతే ఫోన్ చేసి అడుగు, మొహమాటపడకు.

డబ్బా పాలు కలిపేటప్పుడు మన వైపు ఒక జాగ్రత్త తప్పనిసరి. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు బోరు నీళ్లలో పళ్లను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి మనందరికీ తెలిసిందే. నీళ్లు కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, మరిగేకొద్దీ ఇంకా చిక్కనవుతుంది. అందుకని బోరు నీళ్లు వాడొద్దు. కృష్ణా నీళ్లో, ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లో తీసుకుని (మామూలు ఫిల్టర్‌తో ఫ్లోరైడ్ పోదు), వాటినీ మరగకాచే కలుపు. తల్లి తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్నా తల్లిపాలలోకి వచ్చేది చాలా తక్కువ. డబ్బా మీద ఎన్ని నీళ్లకు ఎన్ని చెంచాలని రాసుంటే అంతే కలుపు. పొదుపని పలచన చేస్తే పాప బరువు పెరగదు. తాగగా మిగిలినవి పారబోయాలి. బర్రెపాలలో నీళ్లు కలిపి పట్టమని ఎవరన్నా చెప్తే ఒప్పుకోకు. తేనె, వస, చక్కెర నీళ్లు కూడా వద్దు. ఏడాదిలోపు పిల్లలకు తేనె ప్రమాదం.

పథ్యమని నీళ్లు తక్కువ తాగమంటారు. అది వినకు, దాహమైనప్పుడల్లా తాగు. ఎల్లిపాయ కారంతో వేడి అన్నం పెడితే మాత్రం హాయిగా తిను. దానివల్ల పాలు పడతాయో లేదో గానీ, బాలింతకు కడుపునిండా తిండి కావాలి.

నాకు చివరిదాకా పూర్తిగా సరిపడా పాలు పడలేదు. రొమ్ముపాలు, పోతపాలు రెండూ కలిపే పెంచాను. మా అత్తమ్మ రాత్రి ఒక పూట ఉగ్గుగిన్నె తను పట్టుకుని నన్ను పడుకోనిచ్చేది. ఆ నిద్ర నాకు ఏ మందూ చేయనంత మేలు చేసింది. మీ ఇంట్లో కూడా అలా ఒకరిని అడుగు, మీ ఆయననైనా సరే.

పాప లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా, అసలు చప్పరించకపోయినా, ఒళ్లు కాలినా, చల్లబడినా, పసుపు రంగు అరచేతులు, అరికాళ్ల దాకా వచ్చినా, మూత్రం బాగా తగ్గినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కు ఫోన్ చెయ్యి. నీకు రొమ్ము ఎర్రబడి గడ్డకట్టి జ్వరం వస్తే నువ్వూ చూపించుకో. ఏడుపు, దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చెప్పు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడేందుకు సర్కారు పెట్టిన టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు తీసుకోరు. పాపనో, నిన్ను నువ్వో ఏమైనా చేసుకోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఆ క్షణమే పక్కనున్నవాళ్లకు చెప్పు.

పాప పుట్టినప్పటి బరువు, ఇప్పటి బరువు, రోజుకు ఎన్ని గుడ్డలు తడుపుతోందో కింద రాయి. రాత్రి పాపకు పట్టేటప్పుడు ఎలాగూ మెలకువగానే ఉంటాను, చూసి జవాబిస్తాను.