‘ఘరానా’ ఎవరింటి మాట?

సందేహం: టోక్యో, ఆమ్‌స్టర్‌డామ్, నేపుల్స్, పారిస్ నగరాల మోసాల మీద నలుగురు దర్శకులు నాలుగు హాస్యకథలుగా తీసిన 1964 నాటి సినిమా గురించి రాస్తూ ‘ఘరానా మోసగాళ్లు’ అన్నాను. ఘరానా అన్నా మోసమే కాబట్టి అది పునరుక్తి అని మా మిత్రుడు కొట్టేశాడు. ఎవరిది ఒప్పు?

సమాధానం: మీదే. అయినా మీ మిత్రుణ్ని తప్పు పట్టను. రోజూ పత్రిక చదివే ఎవరికైనా ఆ భ్రమ కలుగుతుంది.

ప్రాకృతంలో ‘ఘర’, హిందీలో ‘ఘర్’ అంటే ఇల్లు. ఘరానా అంటే వంశం, ఇంటి పరంపర. హిందుస్తానీ గాయకులు ‘మాది గ్వాలియర్ ఘరానా’ అని చెప్పుకొనేది ఆ అర్థంలోనే. (కిరానా ఘరానాకూ కిరాణా కొట్టుకూ చుట్టరికం లేదు. అది కైరానా అనే ఊరి పేరు.) తెలుగులో ఈ మాట విశేషణమైంది. ఘరానా మనిషి అంటే పేరూ పలుకుబడీ ఉన్న పెద్దమనిషి. ఆ వేషంలో ముంచేవాడు ఘరానా మోసగాడు. ఇందులో పునరుక్తి ఎక్కడుంది? ఉన్నది ఎత్తిపొడుపు.

మీరు చూసిన సినిమాలో క్లోద్ షాబ్రోల్ తీసిన పారిస్ కథలో ఈఫిల్ టవర్‌నే అమ్మేస్తారు కదా, 1925లో విక్టర్ లస్టిగ్ నిజంగానే ఆ పని చేశాడు. ప్రభుత్వ అధికారినని చెప్పి, పాత ఇనుము వ్యాపారులను ఖరీదైన హోటల్‌కు పిలిపించి బేరం పెట్టాడు. పేరుకు ముందు ‘కౌంట్’ అనే ప్రభువంశపు బిరుదు తగిలించుకొనేవాడు. పుట్టుకతో రాని ఘరానా అలా వచ్చింది! కొన్నవాడు పరువుకు జడిసి ఫిర్యాదు చేయలేదు. అతడిదీ ఘరానాయే.

మరి బస్సులో జేబు కత్తిరించినవాడు మన విలేఖరులకు ‘ఘరానా దొంగ’ ఎలా అయ్యాడు? వాడు ఏ వంశం పేరు చెప్పుకొన్నాడు? చెడు సహవాసంతో మనుషులే కాదు, మాటలూ చెడతాయి.

వంచకుడు పుస్తకాల మాట, టక్కరి వాకిటి మాట. రెంటిలోనూ ఈ దర్జా లేదు.

‘ఘరానా మోసం’ సంగతి అడగలేదు కానీ, వంశం మనిషికి ఉంటుంది, మోసానికి ఉండదు. ఫ్రెంచివారు మాత్రం ఈ సినిమాకు పెట్టిన పేరులో అందాన్ని మోసాలకే కట్టబెట్టారు: ‘ప్రపంచంలోకెల్లా అందమైన మోసాలు’. అందుచేత దాన్ని తప్పని గట్టిగా అనలేను. నేనైతే రాయను.

అన్నట్టు, తీసిన కథలు అయిదు. మొరాకోలో గొదార్ అనే మరో దర్శకుడు తీసినదాన్ని విడుదలకు ముందే తొలగించారు. దాని పేరును తెలుగు చేస్తే ‘పెద్ద మోసగాడు’.