యూకేలో కారు ఇన్సూరెన్స్ మధ్యలో ఆపేస్తే ఎంత కోత పడుతుంది?

ప్రశ్న: రెడింగ్‌లో ఉంటున్నాం. ఏడాది కారు పాలసీ తీసుకుని నాలుగు నెలలైంది. ప్రాజెక్టు అయిపోవడంతో కారు అమ్మేసి హైదరాబాద్ వెళ్లిపోతున్నాం. ప్రీమియం నెలనెలా డైరెక్ట్ డెబిట్‌లో పోతోంది. బ్యాంకులో దాన్ని ఆపేస్తే సరిపోతుందని ఆఫీసులో ఒకాయన అంటున్నారు. క్యాన్సిలేషన్ చార్జీ తప్పించుకోవడానికి అదే దారా?

జవాబు: ఆ పని మాత్రం చేయకండి. ఇక్కడికి కొత్తగా వచ్చిన మనవాళ్లు ఒకరికొకరు చెప్పుకునే సలహాల్లో అన్నిటికంటే ఖరీదైనది ఇదే.

మీరు నెలనెలా కడుతున్నది ఆ నెల ఇన్సూరెన్స్ డబ్బు కాదు. పాలసీ ఏడాది మొత్తానికి. ఆ మొత్తాన్ని ఒకేసారి కట్టలేదు కాబట్టి మీకు అప్పు ఇచ్చి, వడ్డీ కలిపి, వాయిదాల్లో వసూలు చేస్తున్నారు. పాలసీ తీసుకున్నప్పుడు వచ్చిన కాగితాల్లో క్రెడిట్ అగ్రిమెంట్ అని ఒకటి ఉంటుంది, తీసి చూడండి. బ్యాంకులో డైరెక్ట్ డెబిట్ ఆపితే అప్పు ఎగ్గొట్టినట్టే లెక్క. కంపెనీ ఒక నోటీసు పంపి, గడువు దాటగానే పాలసీని తానే రద్దు చేస్తుంది. బాకీ కలెక్షన్ ఏజెన్సీకి వెళ్లొచ్చు, క్రెడిట్ రికార్డు మీద మచ్చ పడొచ్చు. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటుంది. రేపు మళ్లీ ఈ దేశం వచ్చి కొటేషన్ అడిగితే, ‘ఏ కంపెనీ అయినా మీ పాలసీని రద్దు చేసిందా?’ అని అడుగుతారు. అవునంటే ప్రీమియం ఎక్కడికో పోతుంది, కొన్ని కంపెనీలు అసలు కొటేషనే ఇవ్వవు. కాదని అబద్ధం చెబితే క్లెయిమ్ వచ్చినప్పుడు దొరికిపోతారు. మీ అంతట మీరు ఫోన్ చేసి రద్దు చేయించుకుంటే ఈ మచ్చ ఉండదు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం ఎందుకు?

ఇక చార్జీల సంగతి. పాలసీ మొదలైన రోజు, కాగితాలు చేతికొచ్చిన రోజు, ఈ రెండింటిలో ఏది తర్వాతైతే అప్పటినుంచి 14 రోజులు కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది. ఆలోపు ఆపేస్తే వాడుకున్న రోజులకు డబ్బు, ఒక చిన్న ఫీజు పట్టుకుని మిగతాది తిరిగిస్తారు. మీకు అది దాటిపోయింది కాబట్టి పాలసీ కాగితాల్లో క్యాన్సిలేషన్ అని ఉన్న పేరా చదవాల్సిందే. అందులో ఫీజు ఎంతో రాసి ఉంటుంది. కానీ అసలు చూడాల్సింది ఫీజు కాదు, మిగిలిన ప్రీమియాన్ని ఎలా లెక్కేస్తారన్నది.

ఊరికే లెక్క కోసం, ఏడాది ప్రీమియం 1,200 పౌండ్లు, మీరు మొత్తం ముందే కట్టేశారు, క్యాన్సిలేషన్ ఫీజు 50 పౌండ్లు అనుకుందాం. రోజుల చొప్పున లెక్కేసే కంపెనీ అయితే నాలుగు నెలలకు 400 పట్టుకుని, ఫీజు తీసేసి, 750 వెనక్కిస్తుంది. కొన్ని కంపెనీలు అలా కాకుండా ఒక పట్టిక పెట్టుకుంటాయి. నాలుగు నెలలు వాడితే సగం ప్రీమియం మాదే అని అందులో ఉందనుకోండి, మీకొచ్చేది 550. ఫీజు రెండుచోట్లా 50 పౌండ్లే, తేడా మాత్రం 200. ఇలాంటి పట్టికల్లో కొన్ని నెలలు దాటాక తిరిగొచ్చేది సున్నా కూడా కావచ్చు. మీలా వాయిదాల్లో కట్టేవాళ్లకు తిరిగి రావడం అటుంచి, ఇంకా కట్టాల్సింది తేలినా ఆశ్చర్యం లేదు. ధరలు పోల్చి చూపించే కంపారిజన్ సైటులో చౌకగా దొరికిన పాలసీ చాలాసార్లు బ్రోకర్ ద్వారా వచ్చినదై ఉంటుంది. అప్పుడు బ్రోకర్ ఫీజు వేరు, కంపెనీ ఫీజు వేరు. మొదట్లో తీసుకున్న సెటప్ ఫీజు ఎలాగూ తిరిగి రాదు. బ్లాక్ బాక్స్ (మీరు కారు ఎలా నడుపుతున్నారో నమోదు చేసే పరికరం) పెట్టిన పాలసీ అయితే దాని ఖర్చు కూడా చూసుకోండి.

ఈ నాలుగు నెలల్లో క్లెయిమ్ ఏదైనా జరిగిందా? జరిగితే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి. ఏడాది ప్రీమియం మొత్తం కట్టాలనే షరతు దాదాపు అన్ని పాలసీల్లోనూ ఉంటుంది.

ఏ పని ముందు, ఏది తర్వాత అన్నదీ ముఖ్యమే. కారు మీ పేరు మీద ఉన్నంతకాలం ఇన్సూరెన్స్ ఉండాలి, రోడ్డెక్కకపోయినా సరే. 2011 నుంచి ఇదే రూలు. లేదంటే కారు రోడ్డు మీద వాడట్లేదని డీవీఎల్‌ఏకి (వాహనాల రిజిస్ట్రేషన్, లైసెన్సులు చూసే ప్రభుత్వ సంస్థ) చెప్పాలి, దాన్నే సార్న్ డిక్లరేషన్ అంటారు. రెండూ లేకపోతే ముందు ఉత్తరం, ఆ తర్వాత 100 పౌండ్ల జరిమానా. ఇన్సూరెన్స్ లేకుండా నడుపుతూ దొరికితే 300 పౌండ్లు, లైసెన్స్ మీద ఆరు పెనాల్టీ పాయింట్లు. ఇక్కడ మొదటి లైసెన్స్ తీసుకుని రెండేళ్లు కాకపోతే ఆ ఆరు పాయింట్లతో లైసెన్సే పోతుంది.

కాబట్టి కారు అప్పగించేదాకా పాలసీ కదపకండి. అప్పగించిన వెంటనే లాగ్ బుక్‌లోని (కారు రిజిస్ట్రేషన్ పత్రం) 11 అంకెల నంబరుతో డీవీఎల్‌ఏ సైటులో అమ్మినట్టు నమోదు చేయండి. అదే రోజు ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేయండి. వెనకటి తేదీతో రద్దు చేయడానికి సాధారణంగా ఒప్పుకోరు, ఆలస్యమైన ప్రతి రోజూ మీ ఖాతాలోనే. రోడ్ ట్యాక్స్‌లో మిగిలిన పూర్తి నెలల డబ్బు చెక్కుగా లాగ్ బుక్‌లో ఉన్న అడ్రస్‌కు వస్తుంది. అప్పటికి మీరు కూకట్‌పల్లిలో ఉంటే ఆ చెక్కుతో ఏం చేస్తారు? నమ్మకమైన స్నేహితుల ఇంటి అడ్రస్‌కు లాగ్ బుక్ ముందే మార్పించుకోండి. ఇక్కడి బ్యాంకు ఖాతా కూడా రిఫండ్లన్నీ వచ్చాకే మూయండి.

ఇదే సందర్భంలో ఇంకో మాట. రెండు నెలలు ఇండియా వెళుతూ ఇన్సూరెన్స్ ఆపేద్దామా అని చాలామంది అడుగుతుంటారు. కారు వీధిలో పార్క్ చేసి ఉంటే కుదరదు, సార్న్ పెట్టిన కారు పబ్లిక్ రోడ్డు మీద ఉండకూడదు. సొంత డ్రైవ్‌వేలో పెట్టినా, రద్దు చార్జీలు, తిరిగొచ్చాక కొత్త పాలసీ ధర కలిపితే మిగిలేది ఏమీ ఉండదు. పైగా నో క్లెయిమ్స్ బోనస్ (క్లెయిమ్ లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పెరగాలంటే ఏడాది పూర్తి కావాలి. పదో నెలలో ఆపేస్తే ఆ పది నెలలూ గాలికి పోయినట్టే. కారు మార్చేవాళ్లు, ఊరు మారేవాళ్లు రద్దు మాట ఎత్తకుండా ముందు అదే పాలసీని కొత్త కారుకో, కొత్త అడ్రస్‌కో మార్చమని అడగండి. చాలాసార్లు చిన్న అడ్మిన్ ఫీజు, ప్రీమియం తేడాతో అయిపోతుంది.

మీకు ఇదివరకటి ఏళ్ల నో క్లెయిమ్స్ ఉంటే దాని లెటర్, పాలసీ ఏ తేదీన రద్దయిందో చెప్పే ఉత్తరం, రెండూ ఈమెయిల్‌లో తెప్పించి దాచుకోండి. సాధారణంగా రెండేళ్ల లోపు తిరిగొస్తే ఆ బోనస్ చెల్లుతుంది. కోత అన్యాయంగా ఉందనిపిస్తే కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. జవాబివ్వడానికి వాళ్లకు ఎనిమిది వారాల గడువు. వాళ్ల తుది జవాబు నచ్చకపోతే ఆరు నెలల్లోపు ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. దానికి పైసా ఖర్చు లేదు, హైదరాబాద్ నుంచి ఆన్‌లైన్‌లోనూ పెట్టుకోవచ్చు.